జానెడు నీళ్లు చాలు!

గ్వాటెమాలా దేశంలో కొట్టుకెళ్లి 'ఎంత?' అని అడిగితే 'ఇన్ని క్వెట్జాళ్లు' అని చెబుతారు. మనకు రూపాయి ఎలాగో వాళ్లకు క్వెట్జాల్ అలాగ. నిజానికి అది ఓ పక్షి పేరు. ఒళ్లంతా మెరిసే ఆకుపచ్చ, పొట్ట కుంకుమ ఎరుపు. మగపక్షికైతే తోక వెనక మూరెడుకు మించిన పచ్చని ఈకలు జాలువారుతుంటాయి. మబ్బులు కొమ్మల్ని తాకుతూ పోయే మధ్య అమెరికా కొండ అడవుల్లో ఉంటుంది. ఒకప్పుడు అక్కడి రాజులు దాని ఈకల్ని తలపాగాల్లో పెట్టుకునేవారు. ఇప్పుడది ఆ దేశపు జాతీయ పక్షి. జెండా మీదా ఉంది, డబ్బు మీదా ఉంది.

ఇంత వైభవం ఉన్న పక్షి బతుకు మాత్రం రెండు మామూలు వస్తువుల మీద ఆధారపడి ఉంది. ఒకటి అడవి అవకాడో చెట్ల చిన్న చిన్న కాయలు. రెండోది పుచ్చిపోయిన మాను. దాని ముక్కు మెత్తనిది. పచ్చి చెట్టును తొలవలేదు. కుళ్లి మెత్తబడిన మానుకే తొర్ర చేసుకుని గుడ్లు పెడుతుంది. ఎండిపోయిన చెట్టు ఎందుకూ పనికిరాదని ఎవరైనా కొట్టేశారనుకోండి... అడవి పచ్చగానే కనిపిస్తుంది, క్వెట్జాల్‌కు మాత్రం ఇల్లుండదు.

మనిషి కంటికి పనికిమాలినదిగా కనిపించే దాని మీదే ఓ అందమైన పక్షి బతకడం ఆ కొండల్లోనే కాదు, మన కొల్లేరులోనూ ఉంది. ఆ పక్షి పేరు ఎర్రకాళ్ల కొంగ. దానికి కావలసిన 'పనికిమాలిన' వస్తువు జానెడు లోతు నీళ్లు!

రంగులద్దిన కొంగ

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలోనో, ఏలూరు - తాడేపల్లిగూడెం రైల్లో దెందులూరు, భీమడోలు దాటుతున్నప్పుడో కిటికీలోంచి చూస్తే పొలాల్లో తెల్ల కొంగలు చాలానే కనిపిస్తాయి. వాటి మధ్య ఎప్పుడైనా ఒక పెద్ద పక్షి నిలబడి ఉంటుంది. ఎత్తు మూడడుగుల పైమాటే. ఒళ్లు తెలుపు. రెక్కల మీద పచ్చని నిగారింపుతో నల్లటి చారలు. ఛాతీకి అడ్డంగా ఓ నల్ల పట్టీ. తల మీద ఈకలుండవు, నారింజ రంగులో బోడిగా ఉంటుంది. పొడవాటి పసుపు ముక్కు చివర కాస్త కిందికి వంగి ఉంటుంది. అన్నిటికన్నా ముచ్చటైనది వీపు చివర, తోకను కప్పుతూ ఉండే గులాబీ రంగు ఈకల కుచ్చు. ఎవరో కుంచెతో అద్దినట్టే ఉంటుంది. ఇంగ్లిషువాళ్లు దీనికి 'రంగులద్దిన కొంగ' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మనవాళ్లు కాళ్లు చూసి పేరు పెట్టుకున్నారు.

ఆ కాళ్లు ఎండాకాలంలో తెల్లగా సున్నం పూసినట్టు కనిపిస్తే వేరే పక్షి అనుకోనక్కర్లేదు. వేడి ఎక్కువైనప్పుడు ఈ జాతి కొంగలు తమ కాళ్ల మీదే రెట్ట వేసుకుంటాయి. ఆ తడి ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది.

రంగులన్నీ పెద్ద పక్షులకే. పిల్లలు మట్టిరంగులో, మసకగా ఉంటాయి. గులాబీ కుచ్చు రావడానికి రెండు మూడేళ్లు ఆగాలి. పెద్దవాటిలోనైనా గూళ్లు కట్టే కాలంలోనే రంగు బాగా విచ్చుకుంటుంది. మన దగ్గర ఆ కాలం వానలు వెనకబట్టాక మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతుంది. రెండు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని దాదాపు నెలరోజులు పొదుగుతాయి. ఎండ మాడుస్తుంటే పిల్లల మీద గొడుగులా రెక్కలు విప్పి గంటల తరబడి అలాగే నిలబడతాయి.

ఇంత చేసినా నోటి వెంట కూత రాదు. గూటి దగ్గర ముక్కు రెండు దవడలూ టకటకమని కొట్టుకుంటుంది. దాని భాష అదే.

కళ్లతో కాదు, ముక్కుతో వేట

మామూలు కొంగ చేపను చూసి పడుతుంది. కదలకుండా నిలబడి, గురి చూసి పొడుస్తుంది. 'కొంగ జపం' అన్న మాట అందుకే పుట్టింది. ఎర్రకాళ్ల కొంగకు ఆ జపం లేదు. ముక్కును సగం తెరిచి నీళ్లలో ముంచి, తలను అటూ ఇటూ ఊపుతూ మెల్లగా నడుస్తుంది. మధ్యమధ్య కాలితో అడుగు బురదను కెలుకుతుంది. దాక్కున్న చేప ఉలిక్కిపడి కదులుతుంది. తెరిచిన ముక్కుకు అది తగలగానే టక్కున మూసుకుంటుంది. చూపుతో పని లేదు. నీళ్లు బురదబురదగా ఉన్నా ఫరవాలేదు.

ఆ 'టక్కు' ఎంత వేగమో తెలుసా? ఎర్రకాళ్ల కొంగకు దగ్గరి చుట్టం ఒకటి అమెరికాలో ఉంది. దాని మీద 1963లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. చేప తగిలాక ముక్కు మూసుకోవడానికి పట్టిన సమయం సెకనులో నలభయ్యో వంతు! మనిషి కనురెప్ప వేయడానికే అంతకు కొన్ని రెట్లు పడుతుంది.

అయితే ఈ విద్యకు ఒక షరతు ఉంది. నీళ్లు లోతుగా ఉండకూడదు. జానెడు ఉంటే మేలు. అంతకు బాగా మించితే కష్టమే. కాళ్లు నేలను తాకాలి, ముక్కు అడుగును తాకాలి. పైగా చేపలు దగ్గర దగ్గరగా, కిక్కిరిసి ఉండాలి. లేకపోతే చీకట్లో వెతికినట్టే. ఈదడం రాదు, మునగడం అసలే రాదు. కాబట్టి ఈ పక్షికి కావలసింది నిండు చెరువు కాదు, తగ్గుతున్న చెరువు.

పాత కొల్లేరు సరిగ్గా అలాంటిదే. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో వెడల్పాటి పళ్లెంలా ఉండేది. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు పొంగి వచ్చి పళ్లేన్ని నింపేవి. ఊళ్లు లంకలయ్యేవి. తాటిదోనె లేనిదే అడుగు కదిలేది కాదు. వానలు తగ్గాక నీళ్లు ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి జారిపోయేవి. రోజుకింత చొప్పున అంచు వెనక్కి జరుగుతుంటే బయటపడ్డ నేలలో రైతు వరి నాటేవాడు. మిగిలిన నీటిలో వడ్డీలు వలకట్లు కట్టేవారు. ఆ రెండిటి మధ్య, నేలా కాని నీరూ కాని జానెడు లోతు పట్టీలో కొంగలు తలలూపుకుంటూ నడిచేవి. ఆ పట్టీ ఒకచోట ఉండేది కాదు. నీటితోపాటే జరుగుతూ, రోజూ కొత్త చేపల్ని ఒక దగ్గరికి చేర్చేది. పిల్లలు గూళ్లలో ఆకలితో అరిచే రోజులూ, నీరు తీసే రోజులూ ఒకటే కావడం కాకతాళీయం కాదు.

నీళ్లున్నాయి... చేపలున్నాయి... మరి?

1970ల నడుమ నుంచి కొల్లేటిలో చేపల చెరువులు మొదలయ్యాయి. మొదట మత్స్యకారుల సహకార సంఘాల పేరుతో వచ్చాయి. తరవాత లీజుల మీద లీజులతో డబ్బున్నవారి చేతుల్లోకి పోయాయి. 1980లు, 90లు గడిచేసరికి పళ్లెం ముక్కలు ముక్కలయింది. చుట్టూ గట్టు, లోపల మనిషి నడుము దాటే లోతు. ఏడాది పొడవునా నీళ్లు.

బయటివాళ్లు చూస్తే పక్షులకు పండగే అనుకుంటారు. నీళ్లకు కొదవ లేదు, చేపలకు అంతకన్నా లేదు. కానీ ఎర్రకాళ్ల కొంగకు అది అద్దాల బీరువాలో పెట్టిన విందు. కనిపిస్తుంది, అందదు. గట్టు దిగితే ఒక్కసారిగా లోతు. అంచు అనేదే లేదు.

నమ్మకం కుదరకపోతే చెరువులో పట్టుబడి జరిగే రోజు చూడాలి. నీళ్లు తోడేసి, పెద్ద చేపలు లారీ ఎక్కాక అడుగున జానెడు నీరూ, బురదా, పనికిరాని చిన్న చేపలూ మిగులుతాయి. ఎక్కడెక్కడి కొంగలో వచ్చి వాలతాయి. ఆ రెండు మూడు రోజులూ ఆ చెరువు మళ్లీ కొల్లేరవుతుంది. తరవాత నీళ్లు పెడతారు, కొంగలు లేచిపోతాయి. చేప కాదు, లోతే తేడా అని ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు.

కొల్లేటి చుట్టూ ఉన్న వరిచేలు కూడా కొంగకు జానెడు నీళ్లే. అందుకే సరస్సు చిక్కిపోయినా కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. తాడేపల్లిగూడెం దిగువన ఉండి, భీమవరం దాకా ఆ వరిచేలలోనూ ఎన్నో చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారాయి. రైతును తప్పు పట్టలేం. వరికి గిట్టుబాటు లేనప్పుడు చేప వైపు చూస్తాడు. కానీ వరిమడి చెరువైన చోటల్లా కొంగ కంచం ఒకటి తగ్గుతూ వచ్చింది.

ఇదే కథ అమెరికాలోనూ నడిచింది. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కాలువలు తవ్వి, గట్లు వేసి నీటిని తమ చెప్పుచేతల్లోకి తెచ్చుకున్నారు. అక్కడి కొంగకు, అంటే మన ఎర్రకాళ్ల కొంగ చుట్టానికి, పిల్లల్ని పెంచే రోజుల్లో నీరు మెల్లగా తీయాలి. గట్ల తూములకు ఆ సంగతి తెలియదు. చివరికి 1984లో ఆ పక్షిని అంతరించే ప్రమాదం ఉన్నవాటిలో చేర్చాల్సి వచ్చింది. చిత్తడి నేలల్ని బాగుచేసే పనులు చేపట్టారు. ఆ కొంగ కూడా ఉత్తరాన కొత్త తావులు వెతుక్కుంది. 2014లో ప్రమాద స్థాయిని ఒక మెట్టు తగ్గించారు. తేరుకోవడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

పడకగది కట్టాం, వంటిల్లు?

కొల్లేటి కొంగకు తోడు గూడబాతు. గరిటెలాంటి సంచిముక్కుతో ఈదుతూ చేపల్ని తోడుకునే పెద్ద పక్షి. గూళ్లు పక్కపక్కనే కట్టుకునే ఈ రెండూ ఇరుగుపొరుగులాంటివి. గూడబాతుకు ఈ ప్రాంతంలో పాత చరిత్రే ఉంది. కేరళ పక్షుల గురించి మలయాళంలో పుస్తకం రాసి 'ఇందుచూడన్'గా పేరు పొందిన కె.కె. నీలకంఠన్, పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామంలో గూడబాతులు వేల సంఖ్యలో గూళ్లు కట్టుకోవడం చూశారు. ఆ సంగతిని 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. జనం తిరిగే ఊరిలో, చెట్ల మీద అంత పెద్ద కాలనీ ఉందని పక్షి శాస్త్రవేత్తలు ముక్కున వేలేసుకున్నారు. 1970ల నడుమకు ఆ కొలువు చెదిరిపోయింది.

ఇప్పుడు ఈ రెండు జాతులనూ ఒకేచోట చూడాలంటే కైకలూరు పక్కన ఆటపాక వెళ్లాలి. గూళ్లకు చెట్లు చాలక అటవీ శాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నాటించింది. పక్షులు ఏ మొహమాటమూ లేకుండా వాటి మీద పుల్లలు పేర్చుకున్నాయి. ఇనుపచెట్టు మీద గులాబీ ఈకల కొంగ... చూసినవాళ్లకు నవ్వూ వస్తుంది, ఆలోచనా వస్తుంది.

మనుషులంటే ఈ కొంగకు పెద్ద భయమేమీ లేదు. ఢిల్లీ జంతు ప్రదర్శనశాలలో బోనుల్లో లేని కొంగలు 1960 నుంచి తమంత తామే వచ్చి గూళ్లు కడుతున్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, రాయలసీమలో వీరాపురంలో జనం మధ్యే పిల్లల్ని పెంచుతాయి. ఇల్లు ఎక్కడైనా సర్దుకుంటాయి. సర్దుకోలేనిది తిండి దగ్గరే. ఆటపాకలో పడకగది కట్టించాం, బాగానే ఉంది. వంటిల్లు మాత్రం చుట్టూ ఉన్న కొల్లేరే కావాలి.

ఆ కొల్లేటి కోసం కాగితాల మీద చాలానే జరిగింది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీతను హద్దుగా పెట్టి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో వేల ఎకరాల చెరువు గట్లను పేల్చేశారు. 2008లో హద్దును మూడడుగుల గీతకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కుదింపు వద్దంది. ఈలోగా చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి.

ఈ రభసలో ఎక్కువ నలిగింది లంకల్లోని చిన్న మత్స్యకారులే. గట్లు పేలినప్పుడు పెద్ద లీజుదారు వేరే వ్యాపారం చూసుకున్నాడు. సంఘం చెరువులో వాటా తప్ప మరేమీ లేని మనిషి వలస బస్సెక్కాడు. 'పక్షులకున్న విలువ మాకు లేదా?' అని అతను అడిగితే తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదు. అయితే పాత కొల్లేటిలో పక్షికీ అతనికీ పోటీ లేదన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి. ఆ వలకట్టూ ఈ ముక్కూ రెండూ తీసే నీటినే నమ్ముకున్నాయి. గట్టు ఇద్దరినీ బయట నిలబెట్టింది.

నీరు పరుచుకునే చోటు లేకపోతే ఏమవుతుందో పక్షుల మీద ప్రేమ లేనివాళ్లకూ 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్ని ముంచింది. ఆ నీళ్లన్నీ చివరికి చేరాల్సింది కొల్లేటికే. వరదను పళ్లెంలా పట్టి, మెల్లగా సముద్రానికి వదలడమే ఆ సరస్సు చేసే అసలు ఉద్యోగం. అది గట్ల మధ్య ఇరుకున పడితే ఎగువా దిగువా రెండూ ఇబ్బంది పడతాయి. కొంగకు కావలసిన వెడల్పూ, వరదకు కావలసిన వెడల్పూ ఒకటే.

సైబీరియా చుట్టాలు కారు

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. ఎర్రకాళ్ల కొంగల్నీ, గూడబాతుల్నీ చూపించి 'సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు' అనడం మనకు అలవాటైపోయింది. సభల్లోనూ అదే మాట, ఫ్లెక్సీల మీదా అదే మాట. నిజానికి ఈ రెండూ సైబీరియా ముఖం చూసిన పక్షులు కావు. మంచు పడే దేశాల నుంచి చలికాలంలో కొల్లేటికి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతుల్లాంటివి అలా వేల మైళ్లు ఎగిరి వస్తాయి. అవి అతిథులే. ఎర్రకాళ్ల కొంగ మాత్రం భారత్, శ్రీలంక మొదలుకుని ఆగ్నేయాసియా దాకా ఉండే పక్షి. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, నీళ్ల జాడ వెతుక్కుంటూ ఒక చెరువు నుంచి మరో చెరువుకు తిరుగుతుంది.

పేరులో ఏముంది అనకండి. అతిథి అనుకుంటే మన బాధ్యత తేలిక. చుట్టం వస్తే సంతోషం, రాకపోతే వాళ్ల ఊళ్లో ఏదో పనిపడి ఉంటుందని సరిపెట్టుకుంటాం. 'ఈ ఏడాది సైబీరియా పక్షులు తక్కువ వచ్చాయి' అనడంలో ఉన్న నిశ్చింత అదే. ఇంట్లో మనిషి ఇల్లు విడిచి పోతే అలా అనలేం. ఇంట్లో ఏం తక్కువైందని వెతుక్కుంటాం.

వెతికితే దొరికే జవాబు పెద్ద ఖర్చుతో కూడిందేమీ కాదు. కొల్లేటి కొత్త చిత్రపటం అక్కర్లేదు, కొత్త స్టాండ్ల కన్నా ముందు పాత పల్లం కావాలి. వానకు నిండి, ఎండకు మెల్లగా తగ్గే నీరు. ఒక పక్క రైతు మడి, ఒక పక్క మత్స్యకారుడి వల, నడుమ ఎవరి పేరూ లేని బురద పట్టీ. రెవెన్యూ లెక్కల్లో అది బీడు. ఎర్రకాళ్ల కొంగ లెక్కలో అదే కంచం.

నవంబరు నుంచి మార్చి లోపు ఏలూరు మీదుగా వెళ్లేవాళ్లు ఒక ఉదయం ఆటపాకలో గడపొచ్చు. ఎండెక్కక ముందే చేరుకుంటే మంచిది. గూళ్ల దగ్గర గోల చేయకూడదు, పడవను మరీ దగ్గరికి పోనివ్వమనకూడదు. బెదిరిన తల్లి లేచిపోతే ఎండలో పిల్లలకు గొడుగు ఉండదు. గూళ్ల నుంచి కొంగలు లేచి ఏ దిక్కుకు వెళుతున్నాయో గమనించండి. ఆ దిక్కున ఎక్కడో ఇంకా జానెడు నీళ్లు మిగిలి ఉన్నాయన్నమాట.